నాలుగేళ్ళ మరమ్మతులు

ఊళ్ళో ఆయన్ని అందరూ అక్షరాలాయన అంటారు. బడి గేటు మీద పేరైనా, సమాధి మీద తారీకైనా, కొత్తింటి గుమ్మం పక్కన ఇంటాయన పేరైనా, ఏది రాతి మీదికెక్కాలన్నా బస్టాండు వెనక వీధిలో ఉన్న ఆయన రేకుల షెడ్డుకే రావాలి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉలీ సుత్తీ పట్టినవాడు. నోట్లో నాలుక లేని మనిషి. కాగితం మీద ఏది రాసి తెస్తే అది చెక్కి ఇవ్వడమే తప్ప, ఇదేమిటని అడిగిన పాపాన పోలేదు. బతికినన్నాళ్ళూ పెళ్ళాంబిడ్డల్ని గుమ్మం బయట నిలబెట్టినవాడి సమాధి మీద 'కుటుంబమే ప్రాణంగా జీవించిన మహనీయుడు' అని చెక్కమంటే, కళ్ళజోడు తుడుచుకుని అదీ చెక్కేశాడు. ఎవరైనా నవ్వితే, "రాసేది వాళ్ళు, చెక్కేది నేను. అబద్ధం వాళ్ళది, అక్షరం నాది," అనేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి వేసవి మొదట్లో ఒక పొద్దున మున్సిపాలిటీ గుమాస్తా కాగితం పట్టుకుని వచ్చాడు. ఊరి ఈతకొలను కట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఛైర్మన్ గారు పెద్ద సభ పెట్టిస్తున్నారు. కొలను చరిత్ర మొత్తం పది వరసల్లో నల్లరాతి మీద చెక్కి, గేటు పక్క గోడలో నిలబెట్టాలి. గడువు పదిహేను రోజులు.

"అక్షరం తప్పు పోకూడదు పెద్దాయనా. ఛైర్మన్ గారే దగ్గర కూర్చుని రాయించారు," అన్నాడు గుమాస్తా.

"నా చేతిలో తప్పు పోదు. కాగితంలోనే ఉంటే నేనేం చేయను?" అన్నాడాయన. మాటవరసకే అన్నాడు. అప్పటికి ఆ కాగితం ఇంకా చదవలేదు.

రాయి ఎంచి, నునుపు చేయించి, సుద్దముక్కతో పది గీతలు గీసుకున్నాడు. మొదటి రెండు రోజుల్లో నాలుగు వరసలు పూర్తయ్యాయి. కొలను ఎప్పుడు తవ్వారు, అప్పటి కమిటీ ప్రెసిడెంటు ఎవరు, ఎంత పొడవు, ఎంత లోతు. ఆ ప్రెసిడెంటు ఇప్పటి ఛైర్మన్ గారికి తాత. ఆయన పేరు మిగతా అక్షరాల కన్నా వేలెడు పెద్దగా ఉండాలని కాగితంలో అడుగున ప్రత్యేకంగా రాశారు. అలాగే పెట్టాడు.

మూడో రోజు పొద్దున ఐదో వరస అక్షరాలు సుద్దతో రాసుకుని ఉలి అందుకున్నాడు. అప్పుడే అక్క టీ గ్లాసుతో షెడ్డులోకి వచ్చింది.

అక్క ఆయన కన్నా ఐదేళ్ళు పెద్దది. ముప్పై ఆరేళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. ఊళ్ళో నలభై దాటని ప్రతివాణ్ణీ పుట్టగానే చేతుల్లోకి తీసుకున్నది తనేనని ఆవిడ లెక్క. అందుకే ఎంతటి హోదా ఉన్నవాడినైనా నువ్వు అనే పిలుస్తుంది. తమ్ముడి భార్య పోయిన దగ్గర్నుంచీ షెడ్డు వెనకే ఉన్న ఈ ఇంట్లోనే ఉంటోంది. రోజూ పొద్దున ఆరింటికి కొలనుకి వెళ్ళి గంటసేపు ఈదితే గానీ ఆవిడకి తెల్లారినట్టు కాదు.

గ్లాసు రాతి అంచున పెట్టి, తల పక్కకి వంచి సుద్ద అక్షరాలు పైకి చదివింది.

"'అనంతరం నాలుగు సంవత్సరములు మరమ్మతుల నిమిత్తం మూసివేయబడినది.' ఏ మరమ్మతులురా?"

ఆయన ఉలి మొన తుడుచుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. ఏం విరిగిందని? ఏం పగిలిందని?"

"కాగితంలో అలా ఉందక్కా."

"కాగితంలో ఉంటే? నువ్వు లేవా ఆరోజు అక్కడ? నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద నిలబడ్డది నువ్వు కాదా? నాన్న సంగతేంట్రా? నాన్న కూడా మరమ్మతుల నిమిత్తమే పోయాడా?"

అన్నది, చీరకొంగు విదిలించి లోపలికి వెళ్ళిపోయింది. టీ అక్కడే చల్లారిపోయింది. ఆయన ఉలి పట్టుకుని కూర్చున్నాడు గానీ సుత్తి మాత్రం లేవలేదు.

ఆ రోజు ఆయనకి బాగానే గుర్తుంది. ఏడేళ్ళ వయసు.

కొలను తవ్వింది క్వారీ వాళ్ళు. ఊరికి అవతల రాతి కొండ, దాని కింద వరసగా రేకుల ఇళ్ళు. క్వారీ లైన్లు అనేవాళ్ళు. మగవాళ్ళు రాయి కొడితే ఆడవాళ్ళు తట్టల్లో మోసేవాళ్ళు. కొలను చుట్టూ ఉన్న అంచురాళ్ళు, ఈదేవాళ్ళు చేత్తో పట్టుకుని ఊపిరి తీసుకునే రాళ్ళు, అన్నీ వాళ్ళ నాన్న చెక్కినవే. పిల్లల వేళ్ళు గీసుకుపోకూడదని ఒక్కో రాయి అంచునీ గుండ్రంగా, వెన్నముద్దలా తీర్చాడు. కొలను తెరిచిన రోజు గేటు మీద 'ఊరివారందరికీ' అని బోర్డు పెట్టారు.

అందరికీ అంటే తమకీ అనుకుంది పన్నెండేళ్ళ అక్క. మూడో రోజు తమ్ముణ్ణీ, లైన్లలో ఇంకో ఐదుగురు పిల్లల్నీ వెంటేసుకుని టిక్కెట్లు కొనుక్కుని లోపలికి వెళ్ళింది. ఒంటి మీద రాతి పొడి కనపడకుండా ఇంటి దగ్గరే రెండుసార్లు రుద్దుకుని మరీ వెళ్ళారు. అక్క ముక్కు మూసుకుని లోపలికి దూకింది. నీళ్ళు ఎగిరి పడ్డాయి. తమ్ముడు మెట్టు మీద నిలబడి నవ్వుతున్నాడు.

అవతలి గట్టు మీద ఒకావిడ లేచి, నీళ్ళలో ఉన్న కొడుకుని జబ్బ పట్టి, మంటల్లోంచి లాగినట్టు లాగేసింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. పదినిమిషాల్లో అంత పెద్ద కొలనులో క్వారీ పిల్లలు ఏడుగురే మిగిలారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. చుట్టూ గట్టు మీద తడి బట్టలతో నిలబడి అందరూ ఊరికే చూశారు. ఏడేళ్ళ పిల్లవాడికి నవ్వు ఎక్కడ ఆపాలో తెలియలేదు. చాలాసేపు అలాగే నవ్వుతూ నిలబడ్డాడు.

మర్నాడు కొలను వెనక మోటారు పెట్టి నీళ్ళన్నీ వీధి కాలవలోకి తోడేశారు. లైన్లలో అసలే నీళ్ళకి కటకట. అమ్మా, మిగతా ఆడవాళ్ళూ బిందెలు పట్టుకుని పరిగెత్తి ఆ గొట్టం దగ్గర పట్టుకున్నారు. తమ పిల్లలు దిగిన పాపానికి పారబోసిన నీళ్ళతోనే ఆ పూట లైన్లలో అందరి బట్టలూ ఉతికారు. గేటుకి తాళం పడింది. 'మరమ్మతులు' అని అట్టముక్క వేలాడింది.

రెండో ఏడు నాన్న పోయాడు. ఊపిరితిత్తుల నిండా రాతి పొడే అన్నాడు డాక్టరు. తను తీర్చిన అంచుని లైన్ల పిల్లల్లో ఒక్కరైనా పట్టుకోగా చూస్తానంటూనే పోయాడు.

మూడో ఏడు వానలు ఎడతెరిపి లేకుండా కురిశాయి. ఎండిన కొలను మొదట మోకాలి లోతు నిండింది, తర్వాత నడుం లోతు, తర్వాత గుండె లోతు. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, కప్పలు ఉన్నాయి. గేటుకి తాళం వేయగలిగిన కమిటీ వానకి వేయలేకపోయింది. అక్క గోడ దూకింది. ఎవరూ నేర్పకుండానే ఈత నేర్చుకుంది. కప్పల్ని చూసి నేర్చుకున్నానని ఇప్పటికీ చెబుతుంది. తర్వాత లైన్లలో పిల్లలందరికీ నేర్పింది. ఆ మరుసటి వేసవికి ఊళ్ళో పిల్లలు కూడా ఒక్కొక్కరే గోడ దూకడం మొదలుపెట్టారు. ఎండ ఎవరినీ ఊరుకోనివ్వదు కదా. ఒక మధ్యాహ్నం కమిటీ ప్రెసిడెంటు తాళం తీయించి లోపలికి వచ్చేసరికి, ఆ పచ్చనీళ్ళలో క్వారీ పిల్లల మధ్య ఆయన సొంత కొడుకే తల పైకెత్తి బుడగలు ఊదుతున్నాడు. నెల తిరగకుండా కొలను కడిగి, కొత్త నీళ్ళు పెట్టి తెరిచారు. ఆ నాలుగేళ్ళలో ఒక్క పలక మార్చింది లేదు.

ఇదీ చరిత్ర. షెడ్డులో కూర్చుని ఆయన అదంతా తలుచుకున్నాడు. మధ్యాహ్నానికి లేచి, తడిగుడ్డ తీసుకుని, ఐదో వరస సుద్ద అక్షరాలు మొత్తం తుడిచేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో గిరాకీ రాసిచ్చిన మాటని తుడవడం అదే మొదలు.

గుమాస్తా వచ్చి చూసి కంగారుపడ్డాడు.

"ఇదేంటి పెద్దాయనా, ఐదోది ఖాళీ వదిలేశారు?"

"ఆ వరస నేను చెక్కను బాబూ. నిజం రాసి తెండి, చెక్కుతా."

"మీకెందుకండీ ఈ గొడవ? ఎప్పటి మాటో. ఆ మనుషులే లేరు."

"నేనున్నాగా," అన్నాడాయన. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయనకే అనుమానం వచ్చింది.

సాయంత్రం ఛైర్మన్ గారు స్వయంగా ఫోన్ చేశారు. ముప్పై ఐదేళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. "పెద్దాయనా, మంచి రోజున పాత పుండు కెలకడం దేనికి? మరమ్మతులన్నది గౌరవంగా ఉంది. ఎవరికీ నొప్పి లేదు," అన్నాడు.

"నొప్పి లేనిది ఎవరికి బాబూ?" అని అడిగాడు అక్షరాలాయన.

అవతల ఫోన్ పెట్టేశారు. వారం తిరిగేసరికి నగరం నుంచి మెషిన్‌తో కోసిన రాయి వ్యానులో దిగింది. అద్దంలా మెరుస్తోంది. పది వరసలూ ఉన్నాయి. ఐదో వరసలో మరమ్మతులూ ఉన్నాయి. గోడలో పెట్టి, సభ రోజుదాకా గుడ్డ కప్పారు.

ఆ సంగతి అక్కే మోసుకొచ్చింది. "పెట్టేశార్రా. నువ్వు చెక్కకపోతే ఆగుతుందా? మెషిన్‌కి అక్క లేదు, నాన్న లేడు," అంది.

ఆయన లేచి ఉలులన్నీ వరసగా నేల మీద పేర్చి, ఒక్కొక్కటే సాన పట్టడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఆ కొలనులో నాన్న రాళ్ళున్నాయి కదక్కా," అన్నాడు. "వాటి మీద రాయడానికి ఎవడి కాగితం కావాలి?"

అక్క గుమ్మానికి చేరగిలబడి తమ్ముణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఏడేళ్ళప్పుడు రావాల్సిన బుద్ధి యాభై ఏడుకి వచ్చింది. పోనీలే, వచ్చింది చాలు," అంది.

మర్నాడు పొద్దున ఆరింటికి గేటు తీయగానే ఇద్దరూ లోపలికి వెళ్ళారు. లోతు వైపు గట్టు మీద, నిచ్చెన పక్కన మూడు అంచురాళ్ళు ఎంచుకున్నాడు. రాతి ముక్కలు నీళ్ళలో పడకుండా తడి గోనెపట్టా పరిచి, దాని మీద రేకు పళ్ళెం పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని సుద్దతో గీత గీశాడు. సుత్తి మొదటి దెబ్బ పడగానే ఈదుతున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఈత మాస్టరు మెడలో విజిల్‌తో పరిగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఈ పని? ఎవరు చెప్పారు?"

అక్షరాలాయన తలెత్తకుండానే అన్నాడు: "మరమ్మతులు."

"ఓహో, సభ కోసమా," అని మాస్టరు వెనక్కి వెళ్ళిపోయాడు. నీళ్ళలో ఉన్న అక్క నవ్వు ఆపుకోలేక రెండు గుక్కల నీళ్ళు మింగేసింది.

రాయికి రెండు పొద్దులు పట్టింది. మొదటి రాయి మీద 'క్వారీ పిల్లలు దిగారని' అన్న మాటలు పూర్తయ్యాయి. ఈదేవాళ్ళు గట్టు దగ్గరికొచ్చి అంచు పట్టుకుని చదివి, "ఆ తర్వాతేంటి?" అని అడిగేవాళ్ళు. "రేపు రండి," అనేవాడు. రెండో రాయి మీద 'నాలుగేళ్ళు ఈ కొలను ఎండబెట్టారు' అని రావడంతో అడగడం మానేశారు. కొందరు ముఖం తిప్పుకుని అటు గట్టుకి ఈదుకుపోయారు. ఒక ముసలాయన మాత్రం అక్కడే అంచు పట్టుకుని, "మా అమ్మ నన్ను జబ్బ పట్టి లాగింది. ఆ గోళ్ళ గుర్తులు వారంరోజులున్నాయి," అని ఎవరితోనూ కాకుండా అన్నాడు.

ఈత మాస్టరు ఇప్పుడు చదివాడు. చదివి గుమాస్తాకి ఫోన్ చేశాడు. గుమాస్తా కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"లేవండి పెద్దాయనా. ప్రభుత్వ ఆస్తి మీద గీతలు గీయకూడదు," అన్నాడు కానిస్టేబుల్, కాస్త ఇబ్బందిగానే.

అక్క నీళ్ళలోంచి నిచ్చెనెక్కి వచ్చి కానిస్టేబుల్ ముందు నిలబడింది. "నీకు ఈత ఎవరు నేర్పార్రా?"

"మీరే ఆయమ్మా."

"ఎక్కడ?"

"ఇక్కడే."

"మరి ఆ రాయి చెప్పేది అబద్ధమా?"

"నాకేం తెలుసు ఆయమ్మా? నేనప్పటికి పుట్టలేదు."

"తెలీనప్పుడు చదువుకో. చదివేదాకా నిలబడు. చదవడం అయ్యాక వెళ్ళు."

కానిస్టేబుల్ నిజంగానే చదివాడు. తర్వాత గుమాస్తాతో, "మీరు కంప్లైంటు రాసిస్తే గానీ నేను చేసేదేం లేదండీ," అని సైకిలెక్కాడు.

ఐదో పొద్దున ఛైర్మన్ గారే వచ్చారు. బూట్లు తడవకుండా గట్టు మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి, ఉలి కింద ఉన్న మూడో రాయి దగ్గర ఆగారు. మొహం ఎర్రగా ఉంది.

"పెద్దాయనా, మర్యాదగా అడుగుతున్నా. ఆపండి. లేకపోతే ఈ రాళ్ళు పీకించి కొత్తవి వేయిస్తా."

అక్షరాలాయన సుత్తి కింద పెట్టి, నడుం నిటారుగా చేసుకున్నాడు. "పీకించండి బాబూ. కానీ ఇవి పైపైన పెట్టినవి కావు. మా నాన్న మూరెడు లోతు గోడలోకి దించి పాతాడు. రాయి కదిలితే గోడ కదులుతుంది. నీళ్ళుండగా గోడ కదపకూడదు. ముందు నీళ్ళు తీయించాలి."

"అయితే మెషిన్ పెట్టి అక్షరాలు అరగదీయిస్తా."

"అరగదీస్తే పొడంతా నీళ్ళలోకే. అప్పుడూ నీళ్ళు తీయించాల్సిందే."

కొలనులో ఎవరూ ఈదడం లేదు. అందరూ అంచులు పట్టుకుని చూస్తున్నారు. అక్క తల తుడుచుకుంటూ ముందుకొచ్చింది. ఆవిడ గొంతు మామూలుగా గట్టిదే. ఆరోజు అవతలి గట్టుదాకా వినిపించింది.

"తీయించు బాబూ. మీ తాత తీయించాడు, నువ్వూ తీయించు. మళ్ళీ తాళం వేయించు. ఈసారి గేటు మీద ఏం రాసి పెడతావో మేమూ చూస్తాం. మేం ఎక్కడికీ పోం. మాకు గోడ దూకడం కొత్త కాదు. మీ నాన్నకీ కాదు, ఇంటికెళ్ళి అడుగు. ఆయనకి నీళ్ళ మీద తేలడం నేర్పింది ఈ చేతులే. నువ్వు పుట్టినప్పుడు ఏడవకపోతే వీపు మీద తట్టి ఊపిరి తెప్పించిందీ ఈ చేతులే. అప్పుడు ఈ చేతులు ఎవరివని అడగలేదే ఎవరూ?"

ఛైర్మన్ గారు చుట్టూ నీళ్ళలోంచి చూస్తున్న తలల్ని చూసి వెనుదిరిగారు. గేటుదాకా నడిచి వెళ్తుంటే బూట్లు తడిసినా పట్టించుకోలేదు.

అక్షరాలాయన మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఆరో పొద్దున మూడో రాయి పూర్తయింది. దాని మీద ఏం రాయాలో అక్కే చెప్పింది: 'వాన నింపింది. ఈదాం.'

సభ అనుకున్న రోజునే జరిగింది. షామియానా, మైకు, కుర్చీలు. గుడ్డ తీశారు, చప్పట్లు కొట్టారు. ఛైర్మన్ గారు శిలాఫలకం మీది పది వరసలూ పైకి చదివారు. తాత పేరు దగ్గర గొంతు పెంచారు. ఐదో వరస దగ్గరికొచ్చి, "నాలుగు సంవత్సరములు మరమ్మతుల నిమిత్తం..." అనేసరికి, వెనక వరసల్లో కూర్చున్న లైన్ల ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కావిడ అందుకుంది. అక్క అయితే నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. నవ్వు కుర్చీల మధ్య నుంచి ముందు వరసల్లోకి పాకింది. ఛైర్మన్ గారు మిగతా ఐదు వరసలూ గబగబా చదివేసి కూర్చున్నారు.

పది రోజుల తర్వాత మున్సిపాలిటీ నుంచి అక్షరాలాయనకి నోటీసు వచ్చింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో వారంలోగా రాతపూర్వకంగా కారణం తెలుపవలెను.

"లాయర్ దగ్గరికి వెళ్దామా?" అని అడిగింది అక్క. ఆవిడ గొంతులో ఆ ఒక్కసారే కాస్త భయం వినిపించింది.

"దేనికి? రాయడం నాకు రాదా?" అన్నాడు.

తెల్లకాగితం తీసుకుని, రాతి మీద గీసుకున్నట్టే దాని మీదా గీత గీసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'కారణం రాతపూర్వకంగానే ఇచ్చాను. లోతు వైపు, నిచ్చెన పక్కన ఉంది. వచ్చి చదువుకోగలరు.' కింద సంతకం పెట్టాడు. తనే వెళ్ళి ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుని వచ్చాడు.

ఆ తర్వాత రెండో నోటీసు రాలేదు. మున్సిపాలిటీ పనులూ రాలేదు. వీధుల పేర్లు, ఆఫీసు బోర్డులు అన్నీ నగరంలోని మెషిన్‌కే వెళ్తున్నాయి. సమాధులు మాత్రం ఇంకా ఆయన దగ్గరికే వస్తున్నాయి. ఇప్పుడు కాగితం పట్టుకొచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టి, "ఆయన నిజంగా ఇలాంటివాడేనా?" అని అడుగుతున్నాడు. కొందరు కోపం తెచ్చుకుని వెళ్ళిపోతారు. కొందరు కాసేపు ఆలోచించి, కాగితం వెనక్కి తిప్పి మళ్ళీ రాయడం మొదలుపెడతారు.